టికెట్టు ఒక్కటే చాలదు: వలస కార్మికుల ‘స్వచ్ఛంద’ తిరుగు ప్రయాణం వెనుక ఉన్న లెక్కలు

అగ్రికో (జంషెడ్‌పూర్): ఝార్ఖండ్‌లోని ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లో అగ్రికో ఒక నివాస ప్రాంతం. పారలు, గునపాలు, గొడ్డళ్ల వంటివి తయారు చేసేందుకు 1920లలో ఇక్కడ నెలకొన్న వ్యవసాయ పనిముట్ల కంపెనీ పేరే క్రమంగా ఊరి పేరుగా స్థిరపడింది. ఆ కర్మాగారం తరువాత టాటా ఉక్కు సంస్థలో భాగమైంది. 1912లో తొలి ఉక్కు పోత పోసిన నాటి నుంచీ ఈ నగరానికి చేతులు అందించినవారిలో అత్యధికులు బయటి ప్రాంతాలవారే. ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగువారూ వారిలో ఉన్నారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నేటికీ సాక్షిగా నిలిచి ఉంది.

ఉద్యోగ విరమణ పొందిన తరువాత ఆ తెలుగు కుటుంబాల్లో కొన్ని స్వగ్రామాలకు తరలిపోయాయి, కొన్ని ఇక్కడే స్థిరపడ్డాయి. వెళ్లాలా, ఉండాలా అన్నది వారి ఇష్టం. ఆ ఇష్టం ఊరికే సమకూరలేదు. ఉక్కు సంస్థ 1912లో ఎనిమిది గంటల పనిదినాన్ని, 1920లో వేతనంతో కూడిన సెలవును, భవిష్యనిధిని, 1937లో విరమణ గ్రాట్యుటీని ప్రవేశపెట్టింది. ఠేకా కూలీలకు ఈ భద్రత అంతగా అందకపోయినా, స్థిర ఉద్యోగి మాత్రం తనకు రావలసిన సొమ్ము చేతిలో పెట్టుకొని రైలెక్కగలిగాడు. అతనిని ఎవరూ పంపించలేదు, ఎవరూ ఆపలేదు.

నేడు ఇదే రాష్ట్రంలోని గిరిడీహ్, హజారీబాగ్, బొకారో జిల్లాల యువకులు గల్ఫ్ దేశాలకు, మలేసియాకు, ఆఫ్రికాకు పనుల కోసం వెళ్తున్నారు. తెలంగాణలోని జగిత్యాల, నిజామాబాద్, రాజన్న సిరిసిల్ల, నిర్మల్ జిల్లాల నుంచి, ఆంధ్రప్రదేశ్‌లోని కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి దశాబ్దాలుగా సాగుతున్న వలస కూడా ఇటువంటిదే. వీరిలో పత్రాలు కోల్పోయి, జీతాలు అందక చిక్కుకుపోయినవారి కోసం ప్రభుత్వాలు అప్పుడప్పుడు ఒక ద్వారం తెరుస్తాయి. జరిమానా మాఫీ చేసి, కొన్నిసార్లు విమాన టికెట్టు కూడా ఇచ్చి, స్వదేశానికి పంపిస్తాయి. అధికారిక భాషలో దీనిని స్వచ్ఛంద స్వదేశాగమనం అంటారు. ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుంది? అందులో కార్మికుడికి దక్కేదేమిటి, దక్కకుండా పోయేదేమిటి?

స్వచ్ఛందం అంటే ఏమిటి?

దేశంలో ఉండేందుకు అనుమతి లేని విదేశీయుడిని పోలీసులు పట్టుకొని విమానం ఎక్కిస్తే అది బహిష్కరణ. అదే వ్యక్తి తానే ముందుకు వచ్చి, ప్రభుత్వ సహాయంతో వెళ్తే అది స్వచ్ఛంద తిరుగు ప్రయాణం. రెండింటి నడుమ చట్టపరమైన వ్యత్యాసం పెద్దది. బహిష్కృతుడిపై సాధారణంగా పునఃప్రవేశ నిషేధం పడుతుంది. స్వచ్ఛందంగా వెళ్లినవారికి చాలా సందర్భాల్లో ఆ నిషేధం ఉండదు. ప్రభుత్వానికీ ఇది లాభమే. నిర్బంధ కేంద్రాలు, కోర్టులు, పోలీసు పహరాల ఖర్చుతో పోలిస్తే టికెట్టు ఖర్చు చాలా తక్కువ.

పశ్చిమ జర్మనీ 1979లో అంతర్జాతీయ వలసల సంస్థ ద్వారా ఇటువంటి పథకాన్ని ఆరంభించింది. జపాన్ 2009లో ఆర్థిక మాంద్యం వేళ ఉపాధి కోల్పోయిన, దక్షిణ అమెరికా దేశాల నుంచి వచ్చిన జపాన్ సంతతి కార్మికులకు తలా 3 లక్షల యెన్లు, వారిపై ఆధారపడినవారికి 2 లక్షల యెన్ల చొప్పున ఇచ్చింది. అదే హోదాతో మళ్లీ రాకూడదన్నది షరతు. మాంద్యం తొలగి శ్రామికుల కొరత ఏర్పడ్డాక 2013లో ఆ షరతును సడలించవలసి వచ్చింది. అమెరికా 2025 మే నెలలో, మొబైల్ యాప్ ద్వారా నమోదు చేసుకొని స్వయంగా వెళ్లిపోయేవారికి 1,000 డాలర్లు, ప్రయాణ ఖర్చులు ఇస్తామని ప్రకటించింది. ఆ మొత్తం తరువాత పెరిగింది. అదే ఏడాది ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను సైనిక విమానంలో అమృత్‌సర్‌కు తరలించిన ఉదంతం అప్పటికి ఇంకా జనం మనసులో ఉంది. ఒకవైపు సంకెళ్లు, మరోవైపు సొమ్ము కనిపిస్తున్నప్పుడు ఎంచుకున్న దారిని పూర్తి స్వచ్ఛందం అనగలమా అన్న ప్రశ్న ప్రపంచమంతటా వినిపిస్తున్నదే.

ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలు 2018 డిసెంబరులో ఆమోదించిన వలసల ప్రపంచ ఒడంబడికలో 21వ లక్ష్యం దీనికి సంబంధించినదే. తిరుగు ప్రయాణం సురక్షితంగా, గౌరవప్రదంగా ఉండాలని, స్వదేశంలో తిరిగి నిలదొక్కుకునేందుకు తోడ్పాటు ఉండాలని అది చెబుతుంది. అంటే ప్రయాణం ఒక భాగం, నిలదొక్కుకోవడం మరో భాగం. ఆచరణలో రెండోది తరచూ మరుగున పడుతోంది.

తెలుగువారికి ఇది కొత్త కాదు

ప్రభుత్వ సొమ్ముతో తిరుగు ప్రయాణం అనే ఆలోచనను తెలుగు కూలీలు శతాబ్దం క్రితమే చవిచూశారు. 1860 నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. వారిలో అధికులు మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కినవారు; తమిళులతో పాటు విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల తెలుగువారు వారిలో ఉన్నారు. ఒప్పందం ముగిసినవారు అక్కడే స్వేచ్ఛగా స్థిరపడడం వలస ప్రభుత్వానికి రుచించలేదు. 1895 నాటి చట్టంతో, ఒప్పందం తీరిన తరువాత కూడా ఉండదలచిన కూలీపై ఏటా 3 పౌన్ల పన్ను విధించింది. కట్టలేకపోతే మళ్లీ ఒప్పందంలోకి వెళ్లాలి, లేదా ఓడ ఎక్కాలి.

గాంధీజీ నాయకత్వంలో సాగిన సత్యాగ్రహం ఫలితంగా 1914లో ఆ పన్ను రద్దయింది. అయితే అదే చట్టం మరో ఏర్పాటు చేసింది. దక్షిణాఫ్రికాలో నివసించే హక్కును వదులుకున్నవారికి ప్రభుత్వం ఉచితంగా ఓడ ప్రయాణం కల్పిస్తుంది. 1927 నాటి కేప్‌టౌన్ ఒప్పందం దీనిని విస్తరించింది. వెళ్లిపోయే పెద్దవారికి 20 పౌన్లు, పిల్లలకు 10 పౌన్లు ఇస్తామన్నది. మూడేళ్లలోపు తిరిగి రాదలిస్తే సొమ్ము వాపసు కట్టాలి; గడువు దాటితే హక్కు పోతుంది. వచ్చినవారి బాగోగులు చూసేందుకు భారత ప్రభుత్వం మద్రాసులో ప్రత్యేక అధికారిని నియమించింది.

ఆ వచ్చినవారి పరిస్థితిని భవానీ దయాళ్ సన్యాసి, బనారసీదాస్ చతుర్వేది పరిశీలించి 1931లో నివేదిక వెలువరించారు. తిరిగి వచ్చినవారిలో చాలామంది దుస్థితిలో ఉన్నారని వారు తేల్చారు. నటాల్‌లో పుట్టి పెరిగిన పిల్లలకు మద్రాసు రాజధాని స్వదేశం కాదు, పరదేశం. పౌన్లు కొద్ది నెలల్లో కరిగిపోయాయి. సముద్రం దాటినవారిని పల్లెలో కులపెద్దలు అక్కున చేర్చుకోలేదు. ఫిజీ, గయానా వంటి వలస రాజ్యాల నుంచి వచ్చినవారు కలకత్తాలోని మటియాబుర్జ్‌లో మురికివాడల పాలై, మళ్లీ ఓడ దొరికితే చాలునని ఎదురు చూసిన దైన్యమూ ఆ కాలానిదే.

దీనికి భిన్నమైన అనుభవం బర్మా నుంచి వచ్చినవారిది. 1964లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేయడంతో, తరతరాలుగా రంగూన్‌లో జీవించిన భారతీయులు లక్షల సంఖ్యలో తరలివచ్చారు. కోరంగి, విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల మూలాలున్న తెలుగువారు వారిలో గణనీయంగా ఉన్నారు. అది స్వచ్ఛందం కాదు. ఆస్తులు వదిలి, కట్టుబట్టలతో వచ్చినవారే ఎక్కువ. అయినా ఇక్కడ దిగిన తరువాత వారికి ఒక వ్యవస్థ తోడుగా నిలిచింది. భూమి, ఇళ్లు, చిన్న వ్యాపారాలకు అప్పులు అందాయి. బర్మా, శ్రీలంకల నుంచి వచ్చినవారి పునరావాసం కోసమే 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు ఏర్పాటైంది. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు పేరు ఆ కాలపు గుర్తే. ఇష్టపడి వచ్చారని చెప్పుకున్న నటాల్ కూలీకి దక్కని ఆసరా, నిస్సహాయంగా వచ్చిన బర్మా కాందిశీకుడికి ఎంతో కొంత దక్కింది. తిరుగు ప్రయాణానికి ప్రభుత్వం ఏ పేరు పెట్టిందన్నదాని కన్నా, తీరం చేరాక ఏం చేసిందన్నదే జీవితాలను నిర్ణయించిందని ఈ రెండు అనుభవాలు చెబుతున్నాయి.

గల్ఫ్ క్షమాభిక్ష ఎలా పనిచేస్తుంది?

గల్ఫ్ దేశాల్లో కార్మికుడి నివాస అనుమతి యజమానితో ముడిపడి ఉంటుంది. దీనికే కఫాలా పద్ధతి అని పేరు. జీతం అందక, హింస భరించలేక యజమానిని వదిలి బయటకు వచ్చిన కార్మికుడు ఆ క్షణం నుంచే చట్టవిరుద్ధుడు అవుతాడు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోతుంది, అకామా గడువు తీరుతుంది, పారిపోయాడన్న ఫిర్యాదు నమోదవుతుంది. తెలంగాణ పల్లెల్లో ఇటువంటి వారిని ‘ఖల్లివెల్లి’ కార్మికులు అంటారు. వారు ఇంటికి రావాలన్నా చట్టం ఒప్పుకోదు. దేశం దాటాలంటే నిష్క్రమణ అనుమతి కావాలి. దానికి ముందు జరిమానా చెల్లించాలి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో గడువు మీరిన ప్రతి రోజుకూ 50 దిర్హాముల జరిమానా ఉంది. ఏడాది గడిస్తే అది 18,250 దిర్హాములవుతుంది. కూలి పనులతో బతికేవాడికి అది తీర్చరాని అప్పు.

ఈ ముడిని విప్పేదే క్షమాభిక్ష. సౌదీ అరేబియా 2013లో నితాఖత్ విధానం అమలు వేళ, మళ్లీ 2017లో, ఖతార్ 2016లో, కువైట్ 2018, 2020, 2024లలో, ఎమిరేట్స్ 2007, 2013, 2018, 2024లలో ఈ అవకాశం కల్పించాయి. నియమాలు దేశాన్ని బట్టి, సంవత్సరాన్ని బట్టి మారుతుంటాయి. ఎమిరేట్స్ 2018లో కేవలం వెళ్లిపోయే దారి మాత్రమే కాక, అక్కడే ఉండి హోదాను క్రమబద్ధం చేసుకునే దారిని కూడా చూపింది. ఉద్యోగం వెతుక్కునేందుకు ఆరు నెలల వీసా ఇచ్చింది. 2024 సెప్టెంబరు 1న మొదలైన క్షమాభిక్ష కూడా డిసెంబరు నెలాఖరు వరకు పొడిగింపు పొంది, ఈ రెండు దారులనూ తెరిచి ఉంచింది. ఉండే వీలు కూడా ఉన్నప్పుడే వెళ్లడం నిజంగా ఇష్టమవుతుంది కనుక, ఈ రెండో దారి ముఖ్యమైనది.

పాస్‌పోర్టు లేనివారికి భారత రాయబార కార్యాలయం అత్యవసర ధ్రువపత్రం జారీ చేస్తుంది. జనం నోట దీని పేరు ఔట్‌పాస్. ఒక్కసారి, ఒక్క దిశలో, స్వదేశానికి రావడానికి మాత్రమే అది చెల్లుతుంది. ఆ తరువాత స్థానిక అధికారుల వద్ద వేలిముద్రలు ఇచ్చి నిష్క్రమణ అనుమతి పొందాలి. పోలీసు కేసు, బ్యాంకు అప్పు కేసు, ప్రయాణ నిషేధం ఉన్నవారికి క్షమాభిక్ష సాధారణంగా వర్తించదు. ఈ సంగతి తెలియక చివరి రోజుల్లో వరుసల్లో నిలబడి నిరాశతో వెనుదిరిగినవారు ప్రతిసారీ ఉంటారు.

నిరుపేదలకు తోడ్పడేందుకు విదేశాంగ మంత్రిత్వ శాఖ 2009లో భారతీయ సముదాయ సంక్షేమ నిధిని నెలకొల్పింది. కాన్సులర్ సేవలపై వసూలు చేసే స్వల్ప రుసుముతో ఈ నిధి సమకూరుతుంది. 2017లో మార్గదర్శకాలను విస్తరించారు. తాత్కాలిక వసతి, అత్యవసర వైద్యం, న్యాయ సహాయం, కొన్ని చిన్న జరిమానాల చెల్లింపు, విమాన ప్రయాణం, మృతదేహాల తరలింపు దీని పరిధిలోకి వస్తాయి. న్యాయ సహాయం కూడా ఉందన్న విషయం చాలామంది కార్మికులకు చేరనే లేదు.

సంతకం పెట్టేటప్పుడు పోయేదేమిటి?

2016లో సౌదీ అరేబియాలో ఒక భారీ నిర్మాణ సంస్థ ఆర్థికంగా కుప్పకూలింది. వేలాది మంది భారతీయ కార్మికులు నెలల తరబడి జీతాలు లేక శిబిరాల్లో చిక్కుకుపోయారు. విదేశాంగ సహాయ మంత్రి వి.కె.సింగ్ జెద్దాకు వెళ్లారు. సౌదీ ప్రభుత్వం నిష్క్రమణ అనుమతులు, ప్రయాణ సౌకర్యం కల్పించింది. బకాయిలు తరువాత అందుతాయన్న హామీతో కార్మికులు ఇళ్లకు చేరారు. ఆ బకాయిల కోసం వారు ఏళ్ల తరబడి ఎదురు చూడవలసి వచ్చింది. ప్రాణం నిలిచింది, ప్రయాణం ఉచితంగా జరిగింది. కష్టార్జితం మాత్రం సముద్రం అవతలే ఉండిపోయింది.

ఇక్కడే అసలు నష్టం ఉంది. గల్ఫ్ చట్టాల ప్రకారం కార్మికుడికి సేవాంతపు గ్రాట్యుటీ హక్కు ఉంది. ఎమిరేట్స్‌లో తొలి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆపై ఏడాదికి 30 రోజుల మూలవేతనం చొప్పున లెక్కగడతారు. పదేళ్లు పనిచేసినవాడికి ఇది చిన్న మొత్తం కాదు. కానీ క్షమాభిక్ష గడువులోపు దేశం దాటాలన్న తొందరలో ఉన్నవాడు కార్మిక కోర్టులో ఫిర్యాదు వేసి, తీర్పు వచ్చే వరకు ఆగలేడు. ప్రభుత్వం తనకు రావలసిన జరిమానాను మాఫీ చేస్తుంది. యజమాని కార్మికుడికి ఇవ్వవలసిన జీతం కూడా మాటామంతీ లేకుండా మాఫీ అయిపోతుంది.

2020 కువైట్ క్షమాభిక్ష మరో కోణాన్ని చూపింది. ఏప్రిల్‌లో ప్రకటించిన ఆ పథకంలో కువైట్ ప్రభుత్వం జరిమానా రద్దు చేసి, టికెట్టు తానే ఇచ్చి, మళ్లీ వచ్చేందుకు కూడా వీలు కల్పించింది. భారతీయులకు ఏప్రిల్ 16 నుంచి 20 వరకు తేదీలు కేటాయించింది. కానీ కరోనా కారణంగా భారత్ అప్పటికే అంతర్జాతీయ విమానాలను నిలిపివేసింది. నమోదు చేసుకున్నవారు, వారిలో కడప, గోదావరి జిల్లాల గృహ కార్మికురాళ్లు ఎందరో, వారాల తరబడి తాత్కాలిక శిబిరాల్లో నిరీక్షించారు. పంపే దేశం, స్వీకరించే దేశం ఒకే మాట మీద ఉండకపోతే ఉచిత టికెట్టు కూడా కాగితమే.

ఆ ఏడాది జూన్‌లో ఆసియా దేశాల వలస కార్మిక వేదికలు, కార్మిక సంఘాలు కలిసి వేతన చోరీకి వ్యతిరేకంగా ఉద్యమం ఆరంభించాయి. స్వదేశానికి పంపే ప్రక్రియలోనే బకాయిల నమోదు ఒక తప్పనిసరి దశ కావాలన్నది వారి వాదన. ఝార్ఖండ్ ఉదాహరణ ఈ వాదనకు బలం చేకూరుస్తోంది. 2024లో కామెరూన్‌లో జీతాలు అందక చిక్కుకుపోయిన బొకారో, హజారీబాగ్, గిరిడీహ్ కార్మికుల విషయంలో రాష్ట్ర వలస కార్మికుల నియంత్రణ కేంద్రం, రాయబార కార్యాలయం టికెట్టుతో పాటు బకాయి జీతాల గురించి కూడా యాజమాన్యంతో మాట్లాడాయి. ఆగి అడిగేవారు ఉంటే అడిగిన సొమ్ముకు కొంతైనా దారి దొరుకుతుంది.

ఇంటికి చేరాక

2020 మే 1న తెలంగాణలోని లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మంది కార్మికులతో దేశంలోని తొలి శ్రామిక్ ప్రత్యేక రైలు బయలుదేరింది. అది దేశం లోపలి ప్రయాణమే అయినా, ఈ చర్చకు పనికివచ్చే పాఠం. లాక్‌డౌన్ వేళ ఇల్లు చేరిన వలస కూలీల్లో ఎందరో కొద్ది నెలల్లోనే మళ్లీ దూరప్రాంతాల దారి పట్టారు. ఊరిలో పని లేనప్పుడు తిరుగు ప్రయాణం విరామమే కాని ముగింపు కాదు.

గల్ఫ్ నుంచి ఖాళీ చేతులతో వచ్చినవాడి పరిస్థితి మరింత క్లిష్టం. వెళ్లేటప్పుడు ఏజెంటుకు కట్టేందుకు చేసిన అప్పు వడ్డీతో పెరిగి ఉంటుంది. నేర్చుకున్న పనికి ధ్రువపత్రం ఉండదు. కేంద్రం 2020లో తిరిగి వచ్చినవారి నైపుణ్యాలను నమోదు చేసేందుకు ‘స్వదేశ్’ పేరిట ఒక జాబితాను ఆరంభించింది. కేరళ మరింత ముందుకు వెళ్లి, రెండేళ్లకు పైగా విదేశాల్లో పనిచేసి వచ్చినవారు 30 లక్షల రూపాయల వరకు వ్యయంతో ఉపాధి ఏర్పాటు చేసుకుంటే 15 శాతం, గరిష్ఠంగా 3 లక్షల రూపాయల మూలధన రాయితీ ఇస్తోంది. తెలంగాణ ప్రభుత్వం 2024లో, గల్ఫ్‌లో మరణించిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. బతికి వచ్చినవారికి కూడా కేరళ తరహా ఆసరా కావాలన్నది గల్ఫ్ కార్మిక సంఘాల చిరకాల విజ్ఞప్తి.

కార్మికుడు గమనించవలసినవి

క్షమాభిక్ష ప్రకటన వెలువడగానే తొలి వారంలోనే రాయబార కార్యాలయాన్ని సంప్రదించడం మేలు. తనపై పోలీసు కేసు గాని, ప్రయాణ నిషేధం గాని ఉన్నదా అని ముందే తెలుసుకోవాలి. దేశం విడవక మునుపే జీతం బకాయిలపై ఫిర్యాదు నమోదు చేసి, దాని నకలు దగ్గర ఉంచుకోవాలి. కేసు నడిపేందుకు రాయబార కార్యాలయం సూచించిన వ్యక్తికి గాని, నమ్మకమైన బంధువుకు గాని అధికార పత్రం రాసి ఇవ్వవచ్చు. ఒప్పంద పత్రం, అకామా, బ్యాంకు ఖాతా వివరాలు, యజమానితో జరిగిన సందేశాల ఛాయాచిత్రాలు భద్రపరచుకోవాలి. తిరిగి వెళ్లేందుకు నిషేధం ఉందా లేదా అన్నది నోటిమాటగా కాక నిష్క్రమణ పత్రంలో చూసుకోవాలి. ఇంటి దగ్గర ఉన్న కుటుంబ సభ్యులు విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అర్థం కాని భాషలో ఉన్న కాగితంపై, ముఖ్యంగా ‘బకాయిలన్నీ ముట్టినవి’ అన్న పత్రంపై, ఎవరి తొందరకూ లొంగి సంతకం పెట్టరాదు.

జంషెడ్‌పూర్ ఉక్కు కార్మికుడు స్వగ్రామానికి వెళ్లేనాడు అతని వెంట భవిష్యనిధి ఉంది, గ్రాట్యుటీ ఉంది, వెళ్లకుండా ఉండిపోయే వీలూ ఉంది. నటాల్ కూలీకి టికెట్టు, కొద్ది పౌన్లు మాత్రమే ఉన్నాయి. గల్ఫ్ కార్మికుడికి అనేక సందర్భాల్లో టికెట్టు మాత్రమే ఉంటోంది. ఈ ముగ్గురి మధ్య దూరం మైళ్లలో కొలిచేది కాదు. తిరుగు ప్రయాణాన్ని స్వచ్ఛందమని పిలవాలంటే, విమానం ఎక్కే ముందు అతని శ్రమకు లెక్క తేలాలి. దిగిన తరువాత అతనికి ఒక పని దొరకాలి. ఈ రెండూ సమకూరిన నాడే ఆ పేరు ఆ ప్రయాణానికి తగినదవుతుంది.